పునీత ఫిలిప్పు నేరి: ఏడు గుళ్ల నడక, ఒక పిల్లి



మన గుళ్లలోని స్వరూపాలను ఒకసారి గుర్తు చేసుకోండి. పునీత రోకుగారి కాళ్ల దగ్గర రొట్టె నోట కరచుకున్న కుక్క ఉంటుంది. అస్సీసి ఫ్రాన్సిసువారి చుట్టూ పక్షులు ఉంటాయి. మార్టిన్ డి పోరెస్‌గారి పాదాల దగ్గర కుక్క, పిల్లి, ఎలుక ఒకే పళ్లెంలో తింటుంటాయి. మే నెల 26వ తేదీన మనం పండుగ చేసుకొనే పునీత ఫిలిప్పు నేరిగారి పటంలో మాత్రం ఏ జంతువూ కనిపించదు. పూజావస్త్రాలు ధరించి, దేవమాత వైపు కళ్లెత్తి చూస్తూ ఉంటారు. పక్కన ఒక లిల్లీ పువ్వు, అంతే. చిత్రకారులు ఆయన పిల్లిని మరచిపోయారు. ఆయన మాత్రం మరచిపోలేదు. ఆ పిల్లి సంగతి, వందల మందిని వెంటబెట్టుకొని ఆయన పొలాల వెంట నడిచిన నడక సంగతి ఈ వారం మీకు చెప్పాలని ఉంది.

ఫిలిప్పుగారు 1515 జూలైలో ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో పుట్టారు. తండ్రి ఫ్రాన్సెస్కో నేరి దస్తావేజులు రాసే నోటరీ. చేతిలో మిగిలిన డబ్బును రసవాదం మీద, అంటే తక్కువ రకం లోహాన్ని బంగారం చేసే ప్రయత్నం మీద తగలేసేవాడు. బంగారం రాలేదని మీకు వేరే చెప్పనక్కరలేదు. తల్లి లుక్రేసియా బిడ్డ పసితనంలోనే కన్నుమూసింది. ఆ పిల్లవాడి మంచితనం చూసి ఊరివాళ్లు మంచి పిప్పో అని ముద్దుపేరు పెట్టారు. అంత మంచివాడూ ఎనిమిదేళ్ల వయసులో ఒక అల్లరి చేశాడు. ముంగిట్లో నిలబడి ఉన్న గాడిద మీదికి అమాంతం దూకాడు. గాడిద, పిల్లవాడు కలిసి నేలమాళిగలోకి దొర్లిపోయారు. పిల్లవాడు గాడిద కింద నలిగిపోయాడని అందరూ గుండెలు బాదుకుంటూ దిగి చూస్తే, ఒంటి మీద గీత కూడా పడలేదు. జంతువులతో ఆయన మొదటి పరిచయం ఇలా జరిగింది!

చదువు, దైవభక్తి పునీత మార్కుగారి మఠంలోని డొమినికన్ గురువుల దగ్గర అబ్బాయి. పద్దెనిమిదేళ్లు నిండాక, వ్యాపారం నేర్చుకొమ్మని తండ్రి అతణ్ణి దక్షిణాన శాన్ జెర్మానోలో ఉన్న బంధువు దగ్గరికి పంపాడు. ఆ బంధువుకు డబ్బు బాగా ఉంది. కుర్రవాడు కుదురుగా ఉంటే అంతా అతని చేతికే వచ్చేది. కాని అతని మనసు దుకాణంలో నిలవలేదు. గయేటా దగ్గర సముద్రం ఒడ్డున నిలువునా చీలిన ఒక కొండ ఉంది. మన రక్షకుడు సిలువ మీద మరణించిన వేళ ఆ కొండ చీలిందని అక్కడివారి నమ్మకం. ఫిలిప్పు అక్కడికి వెళ్లి, కింద అలల చప్పుడు వింటూ ప్రార్థన చేసుకొనేవాడు. కొంతకాలానికే ఆస్తి మాట కాదనుకొని, చేతిలో డబ్బు లేకుండా రోము దారి పట్టాడు.

అప్పటి రోము మనం ఊహించుకొనే రోము కాదు. 1527లో సైన్యాలు ఆ నగరాన్ని దోచుకొని, తగలబెట్టి, వేలమందిని చంపాయి. ఫిలిప్పు చేరేనాటికి ఆ గాయం ఇంకా మానలేదు. జనం భయంలో నుంచి విలాసంలోకి, విలాసంలో నుంచి నిరాశలోకి ఊగుతున్నారు. ఫ్లోరెన్సువాడే అయిన ఒక సుంకాల అధికారి ఇంట్లో చిన్న గది దొరికింది. ఆయన పిల్లలిద్దరికీ చదువు చెప్పినందుకు కూలి కొంచెం పిండి. ఆ పిండిని రొట్టెల బట్టీవాడికి ఇస్తే రొట్టె వచ్చేది. రొట్టె, నాలుగు ఆలివు కాయలు, నీళ్లు. కొన్నాళ్లు తత్వశాస్త్రం, వేదాంతం చదివి, తర్వాత పుస్తకాలు అమ్మేసి ఆ డబ్బు బీదలకు ఇచ్చేశాడు.

అప్పుడు మొదలైంది ఆయన నడక. మొదట్లో ఒంటరిగానే. పొద్దు వాలాక బయలుదేరి, రోములోని ఏడు ముఖ్య దేవాలయాలను ఒక్కొక్కటిగా దర్శించేవాడు. చాలా రాత్రులు ఆప్పియా రహదారి పక్కన పునీత సెబస్తియానువారి గుడి కింద ఉన్న కాటకోంబుల్లో, అంటే తొలి క్రైస్తవులను పాతిపెట్టిన సొరంగాల్లో ప్రార్థిస్తూ గడిపేవాడు. ఊరు వెనకపడితే చీకటి, పొలాలు, ద్రాక్షతోటలు, ఎక్కడో కుక్కల అరుపు. ఇలా సుమారు పదేళ్లు. 1544లో పెంతెకోస్తు పండుగ సమయంలో అక్కడే పవిత్రాత్మ అగ్నిగోళంలా తన హృదయంలోకి దిగివచ్చినట్టు ఆయనకు అనుభవమైంది. ఆనాటి నుంచి ఆయన గుండె గట్టిగా కొట్టుకొనేది. చలికాలంలోనూ ఛాతీ మీది గుండీలు విప్పుకొని తిరిగేవారు. మరణానంతరం వైద్యులు పరీక్షించినప్పుడు గుండె దగ్గర రెండు పక్కటెముకలు విరిగి బయటికి వంగి కనిపించాయి.

గురువు కావాలన్న కోరిక ఆయనకు లేదు. 1548లో తన ఆత్మగురువు పెర్సియానో రోజాగారితో కలిసి యాత్రికుల కోసం, రోగుల కోసం ఒక భక్తసంఘాన్ని స్థాపించారు. 1550 పవిత్ర సంవత్సరంలో రోముకు తరలివచ్చిన బీద యాత్రికులకు ఆ సంఘం అన్నం పెట్టి, పడక ఇచ్చి, కాళ్లు కడిగింది. చివరకు ఆత్మగురువు మాటకు లోబడి, 1551 మే 23న దాదాపు 36 ఏళ్ల వయసులో గురుపట్టం పొందారు. శాన్ జిరోలమో గుడి పక్కన కొన్ని గదులు ఇచ్చారు. ఆ గదుల్లో ఆయన 32 ఏళ్లు ఉన్నారు. మన కథలోని పిల్లి ఉన్నదీ అక్కడే.

ఇక్కడ మన దేశం మాట కూడా వస్తుంది. పునీత ఫ్రాన్సిసు జేవియరుగారు ఇక్కడి నుంచి రాసిన ఉత్తరాలు ఫిలిప్పుగారి గదిలో చదివేవారు. 1557 ప్రాంతంలో ఆయన, ఆయనతోబాటు సుమారు ఇరవైమంది, భారతదేశానికి వెళ్లి వేదబోధ చేయాలని నిశ్చయించుకున్నారు. రోము వెలుపల ట్రే ఫొంటానే మఠంలో ఉన్న ఒక సన్యాసి సలహా అడిగారు. ఆయన వెతుక్కొనే భారతదేశం రోములోనే ఉందని ఆ సన్యాసి తేల్చి చెప్పాడు. ఫిలిప్పుగారు రోము దాటలేదు. అయితే ఆయన పద్ధతి మాత్రం వచ్చింది. 1685లో పునీత జోసెఫ్ వాజ్‌గారు గోవాలోని గురువుల చిన్న బృందాన్ని ఫిలిప్పుగారి ఒరాటరీ నమూనాలోనే తీర్చిదిద్దారు. శ్రీలంకలో శ్రీసభను నిలబెట్టింది ఆ గోవా గురువులే.

ఫిలిప్పుగారు రోమువాసులను జాగ్రత్తగా గమనించారు. యువకులు చెడిపోయేది పనివేళల్లో కాదనీ, మధ్యాహ్నం భోజనమయ్యాక ఊరికే ఉన్న గంటల్లోననీ, పండుగరోజుల్లోననీ ఆయనకు అర్థమైంది. ఇది తల్లిదండ్రులైన మీకు నేను చెప్పాలా? సెలవు రోజున మధ్యాహ్నం మూడింటికి ఏమీ తోచక ఇంట్లో తిరిగే కుర్రవాణ్ణి చూడనివారు ఎవరున్నారు? అలాంటివారిని ఆయన తన గదికి పిలిచారు. చదువు, మాట, పాట, ప్రార్థన, ఆ తర్వాత అందరూ కలిసి షికారు. పాస్కా తర్వాత మంచి వాతావరణంలో జనికులం గుట్ట మీద పునీత ఒనోఫ్రియోవారి మఠం దగ్గరికి వెళ్లేవారు. అక్కడ చెట్ల కింద కూర్చుంటే నగరమంతా కనబడుతుంది. ఒక చిన్నపిల్లవాడు కంఠతా పట్టిన ప్రసంగం చెప్పేవాడు. తర్వాత సంగీతం. పిల్లలు కేకలు వేస్తూ ఆడుకొనేవారు. ఆ గోల ఎలా భరిస్తున్నారని ఎవరైనా అడిగితే, వాళ్లు పాపం చేయకుండా ఉంటే చాలు, నా వీపు మీద కట్టెలు కొట్టుకున్నా సరేనని నవ్వేసేవారు.

అన్నిటికంటే పెద్ద షికారు ఏడు గుళ్ల నడక. విభూతి బుధవారానికి ముందు వచ్చే కార్నివాల్ రోజుల్లో రోము వీధులు తాగుడుతో, ముసుగు వేషాలతో, కొట్లాటలతో నిండిపోయేవి. ఆ రోజులను తిడుతూ ప్రసంగం చేస్తే ఎవరూ వినరు. ఆయన తిట్టలేదు. అంతకంటే సరదాగా ఉండేదాన్ని చూపించారు. ముందు సాయంత్రం పునీత పేతురువారి దేవాలయ దర్శనం. మరునాడు పొద్దున్నే అందరూ ఊరి బయట పునీత పౌలువారి గుడి దగ్గర కలిసేవారు. అక్కడి నుంచి ద్రాక్షతోటల మధ్య బాట వెంట సెబస్తియానువారి గుడికి. ఆ బాటకు నేటికీ రోములో ఏడు గుళ్ల వీధి అనే పేరుంది. దారిలో పూజ, చాలామంది దివ్యసత్ప్రసాదం తీసుకొనేవారు. మధ్యాహ్నం మత్తెయి వంశంవారి తోటలో గుంపులు గుంపులుగా పచ్చిక మీద కూర్చొని భోజనం: రొట్టె, ఒక గుడ్డు, జున్ను, పండ్లు, కాస్త ద్రాక్షారసం. సంగీత వాద్యాలు వెంట ఉండనే ఉండేవి. తర్వాత లాతరాను యోహానువారి గుడి, పవిత్ర సిలువ గుడి, లారెన్సువారి గుడి, చివరకు మరియమాత మహాదేవాలయం. మొత్తం సుమారు 20 కిలోమీటర్లు. పాతికమందితో మొదలైన నడకలో కొన్నేళ్లకు వెయ్యి మంది, అంతకంటే ఎక్కువమంది కూడా నడిచారు. చెప్పులు కుట్టేవాడు, వ్యాపారి, కార్డినల్ ఇంటి యువకుడు ఒకే పచ్చిక మీద కూర్చొని ఒకేరకం గుడ్డు తినేవారు.

ఇంత నిరపాయమైన పని కూడా కొందరికి కన్ను కుట్టింది. ఈ ఫిలిప్పు జనాన్ని పోగుచేసి సొంత ముఠా కట్టుకుంటున్నాడని, పేరు కోసం పాకులాడుతున్నాడని ఫిర్యాదులు వెళ్లాయి. 1559లో, నాలుగవ పౌలు పోపుగారి కాలంలో, రోము నగర వ్యవహారాలు చూసే కార్డినల్‌గారు ఆయనను పిలిపించి గట్టిగా మందలించారు. పదిహేను రోజులపాటు పాపసంకీర్తనాలు వినకూడదన్నారు. గుంపుతో నడవకూడదన్నారు. చెరసాల మాట కూడా ఎత్తారు. ఆయనకు ఉన్న పనంతా ఆ రెండే! అయినా ఎదురు చెప్పలేదు. తనవెంట ఎవరూ రావద్దని చెప్పి ఒంటరిగా నడిచారు. ఆయన మీది ప్రేమతో జనం ఆగలేదు. దూరదూరంగా, ఇంకో పని మీద వెళ్తున్నట్టు నటిస్తూ, అదే దారిన నడిచారు. విచారణ సాగుతుండగానే ఆ కార్డినల్ హఠాత్తుగా మరణించారు. దేవుడు శిక్షించాడని అనబోయినవారి నోళ్లను ఫిలిప్పుగారే మూయించారు. నా దృష్టిలో ఆయన చేసిన అద్భుతాలన్నిటిలోకి ఇదే పెద్దది. కొద్దికాలానికి పోపుగారు ఆయన నిర్దోషి అని తెలుసుకొని, కానుకగా కొవ్వొత్తులు పంపి, నడకకు అనుమతి ఇచ్చారు.

1575లో పదమూడవ గ్రెగోరి పోపుగారు వల్లిచెల్లాలోని మరియమాత గుడిని ఫిలిప్పుగారి శిష్యులకు ఇచ్చి, ఒరాటరీ సభను గుర్తించారు. పాత గుడిని పడగొట్టి పెద్దది కట్టారు. అదే నేటికీ చియేసా నువోవా, అంటే కొత్త గుడి. శిష్యులంతా అక్కడికి మారినా ముసలాయన మాత్రం శాన్ జిరోలమో గదులు వదలలేదు. చివరకు పోపుగారి ఆజ్ఞ తెప్పించి, 1583 నవంబరు 22న, పునీత సెసిలియమ్మ పండుగనాడు, ఆయన్ను కదిలించారు. శిష్యులు ఆయన కుండలు, పెనాలు, గరిటెలు చేతపట్టుకొని ఊరేగింపుగా వీధుల్లో నడిచారు. దారి పక్కన జనం పగలబడి నవ్వారు. ఆయనకు కావలసింది అదే.

కాని పిల్లి రాలేదు.

పిల్లి సంగతి మీకు తెలుసు. అది మనిషికంటే చోటును ఎక్కువగా నమ్ముకుంటుంది. బదిలీ వచ్చి ఇల్లు మారేటప్పుడు మనం బీరువాలు లెక్కపెట్టుకుంటాం, దేవుని పటాలు గుడ్డలో చుట్టుకుంటాం. వాకిట్లో తిరిగే పిల్లి గోడ మీద కూర్చొని అంతా చూస్తుంటుంది. లారీ కదిలాక దాని అన్నం గిన్నె అక్కడే ఉంటుంది. దానిలో ఎవరూ ఏమీ వేయరు.

ఫిలిప్పుగారు అలా వదలలేదు. పాత గది తాళంచెవి తన దగ్గరే ఉంచుకున్నారు. ప్రతిరోజూ తన శిష్యుల్లో ఒకరిని శాన్ జిరోలమోకు పంపి పిల్లికి తిండి పెట్టించారు. ఒకరోజు, ఒక వారం కాదు, చాలాకాలం. పైగా పంపింది వంటవాణ్ణో, పనివాణ్ణో కాదు. పేరున్నవారిని, గౌరవనీయులైన గురువులను ఏరికోరి పంపేవారు. వారు తిరిగివచ్చే సమయానికి గదిలో కార్డినల్స్ కూర్చొని ఉన్నా సరే, ఆయన మొదటి ప్రశ్న పిల్లి గురించే. తిన్నదా? ఏం తిన్నది? ఇష్టంగా తిన్నదా? ఆ పెద్దమనిషి ఆ సభలో నిలబడి పిల్లి భోజనం వివరాలన్నీ చెప్పాలి.

పాత జీవితచరిత్రకారులు ఈ సంగతిని గర్వాన్ని అణచే సాధనల కింద రాశారు. అది నిజమే. గొప్పవారి గర్వం మీద ఆయనకు ఎప్పుడూ కన్నే. శ్రీసభ చరిత్రను పన్నెండు పెద్ద సంపుటాలుగా రాసిన చేసరే బరోనియోగారి చేత వంట చేయించారు. ఆయన వంటగది గోడ మీద తాను శాశ్వత వంటవాణ్ణని రాసుకున్నారట. ఫిలిప్పుగారు తనను తానూ వదల్లేదు. ఎవరైనా పునీతుడని చూడడానికి వస్తున్నారంటే, గడ్డం ఒక పక్కే గీయించుకొని, చొక్కా తిరగేసి తొడుక్కొని ఎదురయ్యేవారు.

అయినా ఆ వివరణ నాకు చాలదు. కేవలం గర్వం అణచడానికే అయితే చేతికి చీపురు ఇస్తే సరిపోయేది. పిల్లి ఇష్టంగా తిన్నదా అని రోజూ అడగనక్కరలేదు. ఆయన మిగతా నడవడి కూడా చూడండి. కసాయివాడు కత్తితో ఒక కుక్కను కొట్టడం చూసి విలవిలలాడిపోయారు. పెరట్లో బల్లిని కాలితో తొక్కబోయిన గురువును మందలించారు. బండిలో వెళ్తే దారిలోని జంతువులను తొక్కించవద్దని బండివాణ్ణి హెచ్చరించేవారు. ఎవరైనా పట్టితెచ్చిన పక్షులను వదిలించేవారు. శాంతఫియోరా కార్డినల్‌గారి ఇంటి కుక్క ఒకటి, కప్రిచ్చియో అని దాని పేరు, విందు భోజనాల ఇల్లు వదిలి ఆయన గది గుమ్మం పట్టుకొని కూర్చుంది. ఎన్నిసార్లు తీసుకెళ్లినా తిరిగివచ్చేది. దాన్ని కడగడం, దువ్వడం, వీధుల్లో తిప్పడం కూడా దర్జా గల యువకుల వంతే అయింది!

మీ వీధిలో తిరిగే పిల్లితో స్నేహం చేసినవారు మీలో ఉంటే ఒక సంగతి గమనించే ఉంటారు. అది మొదటి రోజు దగ్గరికి రాదు. చేయి చాపితే పారిపోతుంది, కళ్లలోకి గుచ్చి చూస్తే బెదురుతుంది. రోజూ అదే వేళకు, అదే చోట, కాస్త ఎడంగా కూర్చొని, గిన్నె పెట్టి ఊరుకుంటే, పది పదిహేను రోజులకు అదే వస్తుంది. (పిల్లలతో వెళ్లేవారికి ఒక మాట: అది రక్కినా, కరిచినా వెంటనే సబ్బునీళ్లతో బాగా కడిగి డాక్టరుకు చూపించండి, ఆలస్యం చేయవద్దు.) ఫిలిప్పుగారు మనుషులను చేరదీసిన తీరు కూడా అంతే. తెల్లవారకముందే పాపసంకీర్తన పీఠంలో కూర్చొనేవారు. ఆయన గది తలుపు పగలూ రాత్రీ తెరిచే ఉండేది. ఎవరినీ తరమలేదు. వచ్చినవాణ్ణి మాత్రం మరునాడు కూడా రమ్మనేవారు.

1595 మే 25, ఆ ఏడు దివ్యసత్ప్రసాద మహోత్సవం. ఉదయం ఎంతో సంతోషంగా పూజ చేశారు. రోజంతా పాపసంకీర్తనాలు విన్నారు, చూడవచ్చినవారితో మాట్లాడారు. అర్ధరాత్రి దాటాక రక్తం కక్కుకొన్నారు. శిష్యులు చుట్టూ మోకరించగా, మాట రాక, చేయెత్తి వారిని దీవించి, కన్నుమూశారు. 80 ఏళ్లు నిండడానికి రెండు నెలలు తక్కువ. 1622 మార్చి 12న పదిహేనవ గ్రెగోరి పోపుగారు ఆయనకు పునీత పట్టం ఇచ్చారు. అదే రోజున, అదే పూజలో పునీతులైనవారు ఇఞ్ఞాసివారు, అవిలా తెరేసమ్మగారు, ఇసిదోరు అనే రైతు, ఒకప్పుడు ఫిలిప్పుగారిని భారతదేశం వైపు లాగిన ఫ్రాన్సిసు జేవియరుగారు.

రోములో ఇప్పుడు వీధిపిల్లులకు చట్టం అండగా ఉంది. స్వేచ్ఛగా బతికే పిల్లులను హింసించకూడదని, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించి వాటి చోటికే తిరిగి వదలాలని 1991లో ఇటలీ చట్టం చేసింది. చియేసా నువోవా నుంచి కొద్దిదూరం నడిస్తే లార్గో అర్జెంటీనా అనే చోట పాత రోమను గుళ్ల శిథిలాల మధ్య పెద్ద పిల్లుల గుంపు ఉంది. స్వచ్ఛంద సేవకులు రోజూ వాటికి తిండి పెడతారు.

ఏడు గుళ్ల నడక కూడా ఆగలేదు. ఒరాటరీ గురువులు నేటికీ చియేసా నువోవా నుంచి రాత్రిపూట జనాన్ని వెంటబెట్టుకొని బయలుదేరుతారు. మన తెలుగు గురువులు, సిస్టర్లు చదువులకు రోము వెళ్తూనే ఉన్నారు కదా. మీ విచారణ నుంచి ఎవరైనా అక్కడ ఉంటే ఈ నడక గురించి అడిగి చూడండి. రాత్రంతా నడిచి తెల్లవారేసరికి చివరి మజిలీ అయిన మరియమాత మహాదేవాలయం చేరుతారు. 2025 ఏప్రిల్ నుంచి ఫ్రాన్సిసు పోపుగారి సమాధి ఉన్నది ఆ గుడిలోనే.